బాజీ చార్ట్ చేత్తో వేసుకోవడం ఎలా: పుట్టిన టైమ్ సరిచూడటం నుంచి పదేళ్ల దశల దాకా

"యాప్‌లో ఒకటి వస్తోంది, ఇంకో సైట్‌లో ఇంకోటి వస్తోంది, ఏది కరెక్ట్?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. రెండూ కరెక్టే అయ్యుండొచ్చు, రెండూ తప్పే అయ్యుండొచ్చు. చార్ట్ ఎలా పుడుతుందో ఒక్కసారి చేత్తో వేసి చూస్తే తప్ప ఆ తేడా ఎక్కడిదో తెలియదు. తెల్లకాగితం, పెన్ను, ఒక గంట టైమ్ ఉంటే చాలు.

బాజీ అనేది చైనా వాళ్ల జాతకం, ఆ మాటకు చైనీస్‌లో ఎనిమిది అక్షరాలు అని అర్థం (మన మిరపకాయ బజ్జీకీ దీనికీ ఏ సంబంధం లేదు). పుట్టిన సంవత్సరం, నెల, రోజు, గంట, ఇవి నాలుగు స్తంభాలు. ఒక్కో స్తంభంలో పైన ఒక అక్షరం, కింద ఒక అక్షరం. జోస్యం నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను చెప్పేది లెక్క గురించే. నేను చూసినంతలో తప్పు చార్టుల్లో చాలావరకు చదవడం దగ్గర కాదు, టైమ్ దగ్గరే తప్పిపోయాయి.

## 1. ముందుగా పుట్టిన టైమ్ ఖాయం చేసుకోండి

సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ నిజమైన తేదీయేనా? బడిలో వేసేటప్పుడు వయసు సరిపోవాలని జూన్ నెల తేదీ ఏదో ఒకటి రాయించిన ఇళ్లు మనలో ఎన్నో. ఆ తేదీతో వేస్తే చార్ట్ మీది కాదు, మీ హెడ్మాస్టరుగారు కనిపెట్టిన మనిషిది.

రెండోది రాత్రి కాన్పులు. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, కాబట్టి రాత్రి ఒంటిగంటన్నరకు పుట్టినవాళ్ల గురించి ఇంట్లో "మంగళవారం రాత్రి" అనే అంటారు, ఆస్పత్రి కాగితంలో మాత్రం బుధవారం తేదీ ఉంటుంది. నేను నా సొంత చార్టును అమ్మ చెప్పిన మంగళవారంతో వేసుకుని దాదాపు ఏడాది పాటు చదువుకున్నాను. రోజు స్తంభం మారిపోయింది, అంటే మొత్తం మారిపోయినట్టే. పెట్టె అడుగున డిశ్చార్జ్ చీటీ దొరికిన రోజున మళ్లీ మొదటికొచ్చాను.

పాత జాతక చక్రం మాత్రమే ఉంటే అందులో "సూర్యోదయాది గత ఘడియలు" అని ఉంటుంది చూడండి. ఒక ఘడియ 24 నిమిషాలు. 12 ఘడియల 30 విఘడియలు అంటే ఆ ఊళ్లో ఆ రోజు సూర్యోదయమయ్యాక సరిగ్గా 5 గంటలు.

టైమ్ తెలియకపోతే "మొదటి ఆట వదిలాక", "పాలు పితికే వేళ" లాంటి గుర్తుల నుంచి ఒక రెండు మూడు గంటల పరిధి తేల్చుకుని, అందులో పడే ప్రతి గంట స్తంభానికీ ఒక చార్ట్ వేయండి. ఊహించి ఒక్క టైమ్ మీద ఫిక్స్ అయిపోకండి.

చూసుకోవాల్సినవి:
- ఇంగ్లిష్ తేదీ, అర్ధరాత్రి దాటితే తర్వాతి తేదీ
- గడియారం టైమ్, ఎవరు చెప్పారు, ఎక్కడ రాసి ఉంది
- పుట్టిన ఊరు (అమ్మమ్మగారి ఊళ్లో కాన్పయితే ఆ ఊరే, సొంత ఊరు కాదు)
- ఆ కాలంలో గడియారాన్ని గంట ముందుకు జరిపారా అన్నది

చివరిది ఎందుకంటే, రెండో ప్రపంచయుద్ధంలో 1942 నుంచి 1945 దాకా మన దేశంలో గడియారాలు గంట ముందు నడిచాయి. చైనాలో 1986 నుంచి 1991 దాకా ఎండాకాలం అలాగే జరిపారు. అమెరికాలో పుట్టిన పిల్లలకైతే ఏటా ఉండే గొడవే. ముందు నడిచిన గంటను మొదటే తీసేయండి.

## 2. ఒకే పుట్టుకకు రెండు టైమ్‌లు రాసుకోండి

ఇది సరిగ్గా అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

గడియారం టైమ్. సంవత్సరం, నెల స్తంభాలకు ఇది వాడాలి. ఎందుకంటే అవి సూర్యుడు ఆకాశంలో ఫలానా డిగ్రీకి చేరిన క్షణంతో మారతాయి, ఆ క్షణం ప్రపంచమంతటికీ ఒకటే. చైనా పంచాంగాల్లో ఆ క్షణం చైనా టైమ్‌లో ఉంటుంది. మన టైమ్ కావాలంటే అందులోంచి 2 గంటల 30 నిమిషాలు తీసేయాలి.

సూర్యుడి టైమ్. రోజు, గంట స్తంభాలకు ఇది. మీ ఊళ్లో సూర్యుడు నిజంగా ఎక్కడున్నాడన్నది ఇక్కడ లెక్క. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి పెట్టింది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు తేడా. పడమరకు వెళితే తీసేయాలి, తూర్పుకు వెళితే కలపాలి:

- అనంతపురం: 20 నిమిషాలు తీసేయాలి
- హైదరాబాద్: 16 తీసేయాలి
- వరంగల్, తిరుపతి: సుమారు 12 తీసేయాలి
- విజయవాడ: సుమారు 7 తీసేయాలి
- విశాఖపట్నం: 3 కలపాలి

దీని మీద సీజన్‌ను బట్టి ఇంకో సవరణ ఉంటుంది, సూర్యుడు ఏడాదంతా ఒకే వేగంతో కదిలినట్టు కనిపించడు కాబట్టి. ఫిబ్రవరి రెండో వారంలో 14 నిమిషాలు తీసేయాలి, నవంబర్ మొదట్లో 16 కలపాలి, మే మధ్యలో 4 కలపాలి, జులై చివర్లో 6 తీసేయాలి. ఏప్రిల్ మధ్య, జూన్ మధ్య, సెప్టెంబర్ మొదట్లో, క్రిస్మస్ దగ్గర దాదాపు సున్నా.

"ఇంత చాదస్తం అవసరమా?" అంటే, చైనా వాళ్లలోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు. దేశమంతా 120 డిగ్రీల గడియారం ఒక్కటే, చెంగ్డూ ఉండేదేమో 104 దగ్గర. అక్కడ గడియారం 12 కొట్టినప్పుడు సూర్యుడి లెక్కన ఇంకా 11 కూడా కాదు. సవరించేవాళ్లు సవరిస్తారు, గడియారం టైమే చాలనేవాళ్లు అలాగే వేస్తారు. నేను సవరించే పక్షం. డల్లాస్‌లో జులైలో పుట్టిన పాపకు జరిపిన గంట, రేఖాంశం తేడా 27 నిమిషాలు, సీజన్ సవరణ 6 నిమిషాలు కలిపి గంటన్నర పైనే తేడా వస్తుంది, దాన్ని ఎలా వదిలేస్తాం?

ఇక్కడి నుంచి ఒక ఊహా ఉదాహరణ పట్టుకుని వెళ్దాం: 2000 ఫిబ్రవరి 4, సాయంత్రం 7:05, హైదరాబాద్. కావాలనే చిక్కు తేదీ తీసుకున్నాను. సూర్యుడి టైమ్: 7:05 లోంచి 16, మళ్లీ 14 తీసేస్తే 6:35.

## 3. అక్షరాల పట్టిక కాగితం పైన రాసుకోండి

పై వరుసలో వచ్చేవి పది. చైనీస్ పేరు, పక్కన దాని స్వభావం (యాంగ్ అంటే చురుకు వైపు, యిన్ అంటే నెమ్మది వైపు):

1 జియా, యాంగ్ చెట్టు
2 యీ, యిన్ చెట్టు
3 బింగ్, యాంగ్ నిప్పు
4 డింగ్, యిన్ నిప్పు
5 వూ, యాంగ్ మట్టి
6 జీ, యిన్ మట్టి
7 గెంగ్, యాంగ్ లోహం
8 షిన్, యిన్ లోహం
9 రెన్, యాంగ్ నీరు
10 గుయ్, యిన్ నీరు

కింద వరుసలో వచ్చేవి పన్నెండు, వాటిని జంతువుల పేర్లతోనే పిలుద్దాం: 1 ఎలుక, 2 ఎద్దు, 3 పులి, 4 కుందేలు, 5 డ్రాగన్, 6 పాము, 7 గుర్రం, 8 మేక, 9 కోతి, 10 కోడి, 11 కుక్క, 12 పంది.

రెండు వరుసలూ జతగా నడుస్తూ 60 జతలకు ఒక చుట్టు పూర్తవుతుంది. మన ప్రభవ, విభవ అరవైలాగే అనిపిస్తుంది కానీ రెండూ కలవవు. వాళ్ల చుట్టు 1984లో మొదలైంది, మన ప్రభవ 1987లో వచ్చింది. అలాగే పంచభూతాలతో కూడా కలపొద్దు, ఇక్కడ గాలి, ఆకాశం లేవు, చెట్టు, లోహం ఉన్నాయి.

జత నంబరు తెలిస్తే: చివరి అంకె పై అక్షరం (0 వస్తే 10వది), 12తో భాగిస్తే వచ్చే శేషం కింది జంతువు (0 వస్తే పంది).

## 4. సంవత్సర స్తంభం

సంవత్సరంలోంచి 3 తీసేసి 60తో భాగించండి, శేషమే జత నంబరు. 2000 లోంచి 3 తీస్తే 1997, శేషం 17. చివరి అంకె 7 గెంగ్, 17ను 12తో భాగిస్తే శేషం 5, డ్రాగన్. గెంగ్ డ్రాగన్.

కానీ ఆగండి. బాజీలో సంవత్సరం జనవరి 1న మారదు, చైనీస్ న్యూ ఇయర్ రోజున కూడా మారదు. లీచున్ (వాళ్ల లెక్కలో వసంతం మొదలు) అనే క్షణంలో మారుతుంది, అది ఫిబ్రవరి 4 అటూఇటూ. ముందు పుడితే పోయిన సంవత్సరం నంబరు. 2024లో లీచున్ ఫిబ్రవరి 4 మధ్యాహ్నం మన టైమ్‌లో 1:57కి, 2025లో ఫిబ్రవరి 3 రాత్రి 7:40కి వచ్చింది. కాబట్టి తేదీని గుడ్డిగా బట్టీ పట్టకండి.

మన ఉదాహరణలో 2000 లీచున్ చైనా టైమ్ రాత్రి 8:40, మన టైమ్ సాయంత్రం 6:10. పుట్టింది 7:05కి. అంటే 55 నిమిషాల తేడాతో డ్రాగన్. ఆ ఏడు చైనీస్ న్యూ ఇయర్ ఫిబ్రవరి 5న, కాబట్టి చైనీస్ రెస్టారెంట్‌లో టేబుల్ మీద పరిచే జంతువుల కాగితం చూస్తే ఇదే పాప కుందేలు. రెండు యాప్‌లు రెండు జంతువులు చూపించడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఒక ఉచ్చు ఉంది. 6:30కి పుట్టారనుకోండి, సవరించిన సూర్యుడి టైమ్ 6:00 అవుతుంది, దాన్ని 6:10తో పోల్చి "ఇంకా డ్రాగన్ రాలేదు" అనేస్తారు. తప్పు. ఇక్కడ గడియారం టైమ్‌నే పోల్చాలి.

## 5. నెల స్తంభం

అమావాస్య నెలలు కావు, మన సంక్రమణాలు కూడా కావు. మకర సంక్రాంతి జనవరి 14న వస్తే వీళ్ల ఎద్దు నెల 5 లేదా 6నే మొదలవుతుంది.

- పులి: ఫిబ్రవరి 4 దగ్గర
- కుందేలు: మార్చి 5
- డ్రాగన్: ఏప్రిల్ 5
- పాము: మే 5
- గుర్రం: జూన్ 6
- మేక: జులై 7
- కోతి: ఆగస్ట్ 7
- కోడి: సెప్టెంబర్ 8
- కుక్క: అక్టోబర్ 8
- పంది: నవంబర్ 7
- ఎలుక: డిసెంబర్ 7
- ఎద్దు: జనవరి 5

అన్నీ ఒక రోజు అటూఇటూ. మీ తేదీ ఈ హద్దుకు రెండు రోజుల్లోపు ఉంటే ఆ ఏడాది కచ్చితమైన క్షణం చూడాల్సిందే, లేకపోతే అక్కర్లేదు.

పై అక్షరం సంవత్సరం పై అక్షరాన్ని బట్టి వస్తుంది. పులి నెలకు: జియా, జీ సంవత్సరాల్లో బింగ్. యీ, గెంగ్‌లలో వూ. బింగ్, షిన్‌లలో గెంగ్. డింగ్, రెన్‌లలో రెన్. వూ, గుయ్‌లలో జియా. అక్కడి నుంచి నెలకొకటి చొప్పున ముందుకు లెక్కపెట్టండి. జనవరిలో పుట్టినవాళ్లు పోయిన సంవత్సరం పులి నుంచే మొదలుపెట్టాలి, ఇది మర్చిపోతారు.

మనది గెంగ్ సంవత్సరం, పులి నెల: వూ పులి.

## 6. రోజు స్తంభం

దీనికి అమావాస్యలతోనూ సూర్యుడి డిగ్రీలతోనూ పని లేదు. అరవై రోజుల చుట్టు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, అంతే. జనవరి 1 నాటి జత నంబర్లు ఇవి: 1950కి 33, 1960కి 25, 1970కి 18, 1980కి 10, 1990కి 3, 2000కి 55, 2010కి 48, 2020కి 40.

మధ్య సంవత్సరాలకు, దాటిన ప్రతి మామూలు ఏడాదికి 5, లీపు ఏడాదికి 6 కలపండి. ఆ తర్వాత జనవరి 1 నుంచి మీ తేదీకి ఎన్ని రోజులు గడిచాయో కలపండి. 60 దాటితే 60 తీసేస్తూ పోండి.

ఉదాహరణలో: 55, దానికి 34 రోజులు (జనవరి 31, ఇంకో 3), మొత్తం 89, లోంచి 60 తీస్తే 29. చివరి అంకె 9 రెన్, 12తో భాగిస్తే శేషం 5. రెన్ డ్రాగన్.

రాత్రి 11 నుంచి 12 మధ్య పుట్టినవాళ్లకు ఒక తలనొప్పి. ఎలుక గంట 11కే మొదలవుతుంది కాబట్టి రోజు కూడా అప్పుడే మారుతుందని ఒక వర్గం, కాదు అర్ధరాత్రే అని ఇంకో వర్గం. రెండు చార్టులూ వేసి పెట్టుకోండి, వేరే దారి లేదు.

## 7. గంట స్తంభం

రెండేసి గంటలకొక జంతువు. రాత్రి 11 నుంచి 1 ఎలుక, 1 నుంచి 3 ఎద్దు, అలా. సూర్యుడి టైమ్‌తో చూడాలి. మన పాపకు గడియారం ప్రకారం 7:05 అంటే కుక్క గంట (7 నుంచి 9), సూర్యుడి ప్రకారం 6:35 అంటే కోడి గంట (5 నుంచి 7).

పై అక్షరానికి ఎలుక గంట నుంచి మొదలు: జియా, జీ రోజుల్లో జియా. యీ, గెంగ్ రోజుల్లో బింగ్. బింగ్, షిన్‌లలో వూ. డింగ్, రెన్‌లలో గెంగ్. వూ, గుయ్‌లలో రెన్. మనది రెన్ రోజు, ఎలుకకు గెంగ్, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పదోదైన కోడి దగ్గరికి వస్తే జీ. జీ కోడి.

ఇప్పుడు కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. పాత పద్ధతిలో కుడి నుంచి ఎడమకు రాస్తారు, మీకు అలవాటైనట్టు ఎడమ నుంచి రాసుకున్నా ఫర్వాలేదు కానీ పైన "సంవత్సరం" అని పేరు పెట్టండి, లేకపోతే వారం తర్వాత మీకే తికమక:

గెంగ్ డ్రాగన్ | వూ పులి | రెన్ డ్రాగన్ | జీ కోడి

## 8. లోపల దాగినవి బయటకు తీయండి

ప్రతి జంతువు లోపల పై వరుస అక్షరాలు ఒకటి నుంచి మూడు దాగి ఉంటాయి. మొదటిది బలమైనది.

ఎలుక: గుయ్. ఎద్దు: జీ, గుయ్, షిన్. పులి: జియా, బింగ్, వూ. కుందేలు: యీ. డ్రాగన్: వూ, యీ, గుయ్. పాము: బింగ్, గెంగ్, వూ. గుర్రం: డింగ్, జీ. మేక: జీ, డింగ్, యీ. కోతి: గెంగ్, రెన్, వూ. కోడి: షిన్. కుక్క: వూ, షిన్, డింగ్. పంది: రెన్, జియా.

"నా చార్టులో నిప్పు సున్నా శాతం అట, ఎర్ర చొక్కాలు కొనాలా?" అని అడిగేవాళ్లు ఈ మెట్టు వదిలేసినవాళ్లే. మన ఉదాహరణలో పైకి నిప్పు లేదు, పులి లోపల బింగ్ ఉంది.

## 9. రోజు పై అక్షరం దగ్గర నిలబడి చూడండి

రోజు స్తంభం పై అక్షరమే మనిషి. ఇక్కడ రెన్, యాంగ్ నీరు. మీది ఏ జంతువు సంవత్సరమన్నది దీని ముందు చాలా చిన్న విషయం.

పుట్టించే వరస: చెట్టు, నిప్పు, మట్టి, లోహం, నీరు, మళ్లీ చెట్టు. అదుపు చేసే వరస: చెట్టు మట్టిని, మట్టి నీటిని, నీరు నిప్పును, నిప్పు లోహాన్ని, లోహం చెట్టును. నీటికి లోహం అండ, నీరు తోడు, చెట్టు తన చేతి పని, నిప్పు సంపద, మట్టి తన మీద ఉండే అధికారం. యాంగ్‌కు యాంగ్ తగిలితే కటువు, యాంగ్‌కు యిన్ తగిలితే కాస్త మర్యాద. అందుకే రెన్‌కు పక్కనున్న వూ గట్టి ఒత్తిడి, అవతలి జీ మామూలు అధికారం.

తర్వాత బలం. ఈ క్రమంలోనే చూడండి:

1. నెల ఎవరిది? పులి నెల వసంతం, చెట్టుది. వసంతంలో నీరు అలసిపోయి ఉంటుంది, మట్టి మరీ నీరసం.
2. కింద వేర్లు ఉన్నాయా? రెండు డ్రాగన్లలోనూ గుయ్ ఉంది, అంటే నీటికి కింద ఊట ఉంది.
3. పక్కన ఎవరున్నారు? రోజు డ్రాగన్, గంట కోడి పక్కపక్కనే. ఈ రెండూ కలిసే జంట, లోహం వైపు మొగ్గుతాయి.

ఊరికే అక్షరాలు లెక్కపెడితే మట్టి నాలుగు, నీరు ఒక్కటి, "మునిగిపోయాడు" అంటారు. క్రమంలో చూస్తే మట్టి నీరసంగా ఉంది, ఆ మట్టి లోహాన్ని, లోహం నీటిని పోషిస్తోంది. కాస్త బలహీనం, కానీ నిలబడే నీరే. నేనైతే లోహాన్ని మేలు చేసేదిగా తీసుకుంటాను. కోడి గంట కాక కుక్క గంట వేసుంటే ఈ జంట పోయి, డ్రాగన్ పక్కన కుక్క వచ్చి రెండూ ఢీకొనేవి. సెక్షన్ 2లోని అరగంట ఇక్కడ పని చేసింది.

ఢీకొనే జంటలు జంతువుల వరుసలో ఆరు స్థానాల దూరంలో ఉంటాయి: ఎలుక-గుర్రం, ఎద్దు-మేక, పులి-కోతి, కుందేలు-కోడి, డ్రాగన్-కుక్క, పాము-పంది. కలిసేవి: ఎలుక-ఎద్దు, పులి-పంది, కుందేలు-కుక్క, డ్రాగన్-కోడి, పాము-కోతి, గుర్రం-మేక.

## 10. పదేళ్ల దశలు

నెల స్తంభం నుంచి అరవై జతల వరుసలో పదేళ్లకొక జత చొప్పున ముందుకో వెనక్కో నడుస్తాం, అవే దశలు. ఆ దిక్కు ముందు తేల్చండి. యాంగ్ సంవత్సరం అబ్బాయి, యిన్ సంవత్సరం అమ్మాయి ముందుకు. మిగతా ఇద్దరూ వెనక్కు. ముందుకైతే తర్వాతి నెల హద్దు దాకా, వెనక్కైతే గడిచిన హద్దు దాకా ఎన్ని రోజులో లెక్కపెట్టండి. 3 రోజులకు ఒక ఏడాది, ఒక రోజుకు 4 నెలలు, రెండు గంటలకు 10 రోజులు, అలా వచ్చేదే మొదటి దశ మొదలయ్యే వయసు.

మన క్షణంలో అబ్బాయి పుట్టాడనుకోండి: గెంగ్ యాంగ్ కాబట్టి ముందుకు, మార్చి 5 హద్దుకు 30 రోజులకు కాస్త తక్కువ, మొదటి దశ పదేళ్లు నిండబోతుండగా జీ కుందేలుతో మొదలు. అమ్మాయి అయితే వెనక్కు, లీచున్ దాటి 55 నిమిషాలే కాబట్టి పుట్టిన అయిదు రోజుల్లోపే డింగ్ ఎద్దు దశ మొదలు. కవలలు ఒకే నిమిషంలో పుట్టినా అక్కకీ తమ్ముడికీ దారులు వేరన్నమాట.

## 11. తేడా వస్తే ఎక్కడ వెతకాలి

- సంవత్సరం మాత్రమే తేడా: యాప్ న్యూ ఇయర్‌తో మారుస్తోంది. సెట్టింగ్‌లో లీచున్ పెట్టండి.
- నెల తేడా: టైమ్ జోన్ చైనాదే ఉండిపోయింది, 2:30 గంటలు తీయలేదు.
- రోజు తేడా: రాత్రి 11 గొడవ, లేదా ఇంట్లో చెప్పిన వారం. లీపు ఏడాదిలో ఫిబ్రవరి తర్వాత పుడితే ఫిబ్రవరి 29ని లెక్కలో వేశారో లేదో చూడండి.
- గంట తేడా: సూర్యుడి టైమ్ ఆన్, ఆఫ్. ఊరు పేరులో హైదరాబాద్ కొడితే పాకిస్తాన్‌లోని హైదరాబాద్ ఎంచుకుంటున్నారేమో చూడండి, నాకు ఒకసారి అదే జరిగింది.
- దశల వయసు తేడా: కొందరు నెలలు వదిలేసి ఏడాదికి సర్దుతారు, ఇంకొందరు పుట్టగానే ఒక ఏడు అని లెక్కేస్తారు.

చార్ట్ వేసిన కాగితం కింద ఏ టైమ్ వాడారో, ఎన్ని నిమిషాలు సవరించారో, రోజు ఎప్పుడు మారుతుందని పెట్టుకున్నారో మూడు లైన్లు రాసి ఉంచండి. ఇంకొకరికి చూపించేటప్పుడు వాళ్లు మొదట అడిగేది అదే.